విప్పడానికి వేసిన కుట్టు

మా అమ్మ తన పాత పట్టుచీర జరీ అంచు విప్పి నా పరికిణీకి కుట్టింది. నేను పొడుగయ్యాక దాన్నే మళ్లీ విప్పి చెల్లెలి పరికిణీకి వేసింది. ఇంట్లో మిషనున్నా అంచు మాత్రం చేత్తోనే కుట్టేది. "మిషను మీద రెండు నిమిషాల పని కదమ్మా" అంటే, "మిషను కుట్టు విప్పితే పట్టు చిరుగుతుందే. రేపు విప్పాల్సింది నేనేగా" అనేది. విప్పడానికి వీలుగా కుట్టడం ఒక నేర్పని అప్పుడు నాకు తట్టలేదు.

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలల మీద పరిశోధన చేస్తున్న రోజుల్లో ఆ మాట గుర్తొచ్చింది. ఆ నవలల్లో గౌన్ల వర్ణన చాలా ఉంటుంది. లేసులు, రిబ్బన్లు, కుచ్చులు. వాటిని గౌనుకి ఎవరు కుట్టారు, ఎలా కుట్టారు అని వెతుక్కుంటూ వెళ్లి విక్టోరియా రాణి పెళ్లి గౌను దగ్గర ఆగాను.

ఆ పెళ్లి 1840 ఫిబ్రవరి 10న జరిగింది. గౌను బట్ట లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో నేసిన మీగడరంగు పట్టు శాటిన్. దానిమీద అలంకారం హోనిటన్ లేసు. డెవన్ తీరంలో బీర్ అనే ఊళ్లోనూ ఆ చుట్టుపక్కలా 200 మందికి పైగా స్త్రీలు 1839 మార్చి నుంచి నవంబరు దాకా దాన్ని అల్లారు. అప్పటికే యంత్రాల మీద తయారయ్యే వలబట్ట చేతి లేసు వాళ్ల నోటి దగ్గర కూడు లాగేస్తోంది. వాళ్లకి పని దొరకాలనే రాణి ఆ లేసు ఎంచుకుందంటారు. తీరా చూస్తే, చేత్తో అల్లిన ఆ పువ్వుల్నీ ఆకుల్నీ అతికి కుట్టింది యంత్రం చేసిన వల మీదే. తమ పొట్ట కొట్టిన బట్ట మీదే ఆ స్త్రీలు తమ పనితనం చూపించాల్సి వచ్చింది.

మంచి లేసు చాలా ఖరీదు. ఫ్యాషన్ మారితే గౌను మూలపడేది, లేసు మాత్రం తల్లి నుంచి కూతురికి వెళ్లేది. అందుకే దాన్ని గౌనుకి కుట్టే పద్ధతి వేరు. లేసు పైఅంచులోని దారం లాగి కుచ్చు పోసుకోవాలి. గుండుసూదులతో గౌను మీద అమర్చుకోవాలి. ఆ తర్వాత శాటిన్‌లో ఒకటి రెండు పోగుల్ని మాత్రమే సూదితో పట్టుకుంటూ, లేసు అంచు మీదుగా చిన్న చిన్న ఏటవాలు కుట్లు వేసుకుంటూ పోవాలి. దారం బిగిస్తే శాటిన్ ముడతలు పడుతుంది. వదిలేస్తే లేసు జారిపోతుంది. కుట్టు పైకి కనిపించకూడదు. కత్తెర తగలగానే తెగిపోవాలి. తెగాక అక్కడ సూది దిగిన గుర్తు కూడా మిగలకూడదు.

విక్టోరియా తన పెళ్లి లేసుని విప్పించి తర్వాత వేరే దుస్తుల మీద వాడుకుంది. 1885లో చిన్నకూతురు బియట్రిస్ పెళ్లి గౌను మీదికి అదే లేసు వెళ్లింది. ఎవరు, ఏ ఏడు, ఏ శుభకార్యానికి ధరించారో చరిత్ర భద్రంగా రాసుకుంది. లేసు పని దగ్గరుండి చేయించిన జేన్ బిడ్నీ పేరు కూడా ఉంది. అల్లినవాళ్లు మాత్రం ఆ కథలో 200 అనే అంకె. గౌను మారినప్పుడల్లా విప్పి మళ్లీ కుట్టిన చేతులకి ఆ అంకె కూడా లేదు.

1850ల తర్వాత కుట్టుమిషన్లు వచ్చాయి. పని తగ్గాలి కదా? పొడుగు కుట్లు త్వరగా అయిపోవడంతో గౌన్ల మీద కుచ్చులు, మడతలు, అలంకారాలు ఇంకా పెరిగాయి. వాటిలో చాలా భాగం చేత్తోనే కుట్టాలి. అలా కుట్టినవాళ్లలో ఒకరి పేరు మనకి తెలుసు. మేరీ ఆన్ వాక్లీ, 20 ఏళ్ల అమ్మాయి. రాజకుటుంబపు విందులకి వెళ్లే స్త్రీలకి గౌన్లు కుట్టే లండన్ దుకాణంలో పనిచేసేది. 1863 జూన్‌లో, యువరాజుని పెళ్లాడి వచ్చిన అలెగ్జాండ్రా గౌరవార్థం జరిగే నృత్య విందుకి గౌన్లు సిద్ధం కావాలి. మరో 60 మందితో కలిసి, గదికి 30 మంది చొప్పున గాలాడని గదుల్లో కూర్చుని, 26న్నర గంటలు ఏకబిగిన కుట్టింది. శుక్రవారం జబ్బుపడి ఆదివారం చనిపోయింది. చేతిలో పని పూర్తికాకుండానే పోయిందని యజమానురాలు ఆశ్చర్యపోయిందని మార్క్స్ 'కాపిటల్' మొదటి సంపుటంలో వ్యంగ్యంగా రాశాడు.

గౌను వేసుకునేది స్త్రీ, కుట్టించేది స్త్రీ, కుట్టి చచ్చిపోయింది స్త్రీ. "మనమంతా ఆడవాళ్లమే" అనే మాట నేనూ చాలా సభల్లో అన్నాను. ఆ గది గురించి చదివాక అంత తేలిగ్గా అనలేకపోతున్నాను. ఆ అమ్మాయి పేరు మిగిలింది కూడా చనిపోయింది కాబట్టే. ప్రాణాలతో ఉండి ఆ గౌను పూర్తిచేసి ఉంటే మనకి తెలిసేదే కాదు.

ఈ లేసు దారం మన నరసాపురం దాకా వస్తుంది. 1844లో మెక్‌రే అనే స్కాటిష్ మిషనరీ దంపతులు గోదావరి ప్రాంతంలో స్త్రీలకి లేసు అల్లడం నేర్పారు. మొదట క్రైస్తవంలోకి వచ్చిన పేద స్త్రీలు, తర్వాత పొలం పనికి వెళ్లకుండా ఇంటిపట్టునే ఉండటం గౌరవమనుకునే కాపు స్త్రీలు అల్లారు. ఆ లేసు దేశాలు దాటి అమ్ముడుపోయింది. 1982లో వచ్చిన తన పుస్తకంలో మరియా మీస్ వాళ్ల గురించి ఒక ముఖ్యమైన సంగతి పట్టుకుంది. ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేస్తున్న ఈ స్త్రీలని వ్యాపారులు కార్మికులుగా చూడలేదు. ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఆడవాళ్లు తీరిక వేళ చేసే పనిగా లెక్కకట్టారు. ఆ లెక్క వల్లే కూలి అంత తక్కువగా ఉండగలిగింది.

ఆ పుస్తకం చదివిన ఏడాదే నేను పిహెచ్‌డికి దరఖాస్తు చేశాను. తల్లి వృత్తి అన్న గడిలో 'గృహిణి' అని రాశాను. ఆ దరఖాస్తు రుసుము మా అమ్మ వీధిలో వాళ్ల చీరలకి ఫాల్స్ కుట్టి దాచిన డబ్బు. రాస్తున్నప్పుడు నా చెయ్యి ఆగలేదు.

ఈ వ్యాసం అమ్మకి చదివి వినిపించాను. రాణి సంగతులన్నీ విని, "నేను ఎంతకి కుట్టానో రాయలేదేం?" అంది.

చీరకి 15 రూపాయలు. ఫాల్ వాళ్లది, దారం అమ్మది.