గాడిలో పద్యం

మా మేనల్లుడు షికాగోలో ఉంటాడు. క్రిందటి సంక్రాంతికి కర్లపాలెం వచ్చినప్పుడు నాకొక నల్లని ప్లేటు చూపించాడు. ప్లేటు కొత్తది, అందులోని పాటలు మాత్రం 1970 ప్రాంతానివి. అమెరికాలోని నల్లజాతివారి 'సోల్' సంగీతమట. ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ అనే ఊళ్ళో బిల్ మాస్ అనే రేడియో వ్యాఖ్యాత 'క్యాప్‌సోల్' పేరుతో చిన్న కంపెనీ పెట్టి, ఆ ఊరి గాయకులచేత పాడించి కొన్ని ప్లేట్లు తీశాడు. కంపెనీ నిలదొక్కుకోలేదు. ముప్ఫై యేళ్ళ తరువాత, 2003లో షికాగోలో ప్రారంభమైన న్యూమెరో గ్రూప్ అనే సంస్థ ఆ ప్లేట్లను వెదకి పట్టుకుని, 2004లో తన తొలి ప్రచురణగా తిరిగి విడుదల చేసింది. అప్పటినుంచి అటువంటి మరుగునపడిన చిన్న కంపెనీల 'సోల్', 'ఫంక్' పాటలను వరుసగా తెస్తూనే ఉన్నదట.

పాట నాకేమీ అర్థం కాలేదని ఒప్పుకోవాలి. లయ మాత్రం పట్టుబడింది. ఫంక్ సంగీతంలో ఆవర్తం తొలి దెబ్బ మీదనే బరువంతా పెట్టాలని జేమ్స్ బ్రౌన్ అనే గాయకుడు తన వాద్యగాళ్ళను తరిమేవాడని మావాడు చెప్పినప్పుడు, మన మృదంగ విద్వాంసులు సమం దగ్గర చూపే శ్రద్ధ గుర్తుకు వచ్చింది. ఇటువంటి లయను వాళ్ళు 'గ్రూవ్' అంటారట. గ్రూవ్ అంటే మరేమీ కాదు, ప్లేటు మీద సూది నడిచే గాడి. మనంకూడా కుదురుకున్న పనిని గాడిలో పడిందంటాం కదా!

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ ప్లేటుతోపాటు వచ్చిన చిన్న పుస్తకం. పాట వెనుక మనుషుల కథ అందులో ఉన్నది. మావాడు చదివి చెబుతూ ఉంటే నా చూపు మా అటక మీదికి పోయింది. అక్కడొక చెక్కపెట్టె ఉన్నది. అందులో మా ప్రాంతపు ఇళ్ళలో ఒకప్పుడు మోగిన పద్యాల ప్లేట్లు కొన్ని ఉన్నాయి.

ఇక అసలు విషయానికి వస్తాను.

తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్య ఉన్న ఈ నేల పద్యనాటకానికి పుట్టినిల్లని అంటే అతిశయోక్తి కావచ్చును గాని, మేనమామ ఇల్లని అంటే ఎవరూ కాదనలేరు. హరిశ్చంద్ర నాటకం వ్రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 1881లో బాపట్ల ప్రాంతంలోని ఇటికంపాడులో జన్మించారు. స్త్రీపాత్రలకు పేరుమోసి 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామవిలాస సభలో వెలుగొందారు. ఈలపాట రఘురామయ్యది సుద్దపల్లి. మాధవపెద్ది సత్యంది పొన్నూరు దగ్గరి బ్రాహ్మణకోడూరు. చిత్తూరు నాగయ్య పేరులో చిత్తూరు ఉన్నా పుట్టింది రేపల్లెలో. కృష్ణ కాలువలు పారిన తరువాత ఇక్కడ ధాన్యం మిగిలింది, ధాన్యం మిగిలినచోట వేసవి రాత్రులు నాటకాలకు మిగిలాయి. నాటకం రాని నెలలలో ఆ కొరత తీర్చింది గ్రామఫోను.

గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ చేత పాడించడంతో మన దేశంలో ఈ విద్య మొదలైంది. అప్పట్లో ప్లేట్లు అచ్చు కావలసినది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడివారికి ఏ పాట ఎవరిదో తెలియడానికి ఆమె పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేది. తాళపత్ర గ్రంథాలలో ఆశ్వాసాంత గద్య చేసే పని అదే! 1908లో కలకత్తాలోనే కర్మాగారం వచ్చింది. ఆ తరువాత కుక్క బొమ్మ ప్లేట్లు, ఓడియన్, కొలంబియా, ట్విన్ ప్లేట్లు మారుమూల పల్లెలకు కూడా చేరాయి.

ఆ ప్లేట్లు లక్కతో చేసినవి. మోదుగ, రేగు వంటి చెట్ల మీద పురుగులు పెట్టే లక్కను శుద్ధిచేసి, రాతిపొడి, మసి కలిపి, వేడిమీద అచ్చులో నొక్కి తీసేవారు. పాండవులను కాల్చబోయినది లక్క ఇల్లు, వారి రాయబారాన్ని మనదాకా మోసుకొచ్చినది లక్క పళ్ళెం అని మా పిల్లలకు చెబితే నవ్వేవారు. కింద పడితే కుండపెంకులా పగులుతుంది, ఎండ తగిలితే అప్పడంలా వంగిపోతుంది. ఒక వేసవిలో తుడిచిన ప్లేట్లు నాలుగింటిని వసారాలో మరచిపోయి ఈ రెండవ సంగతి నేను స్వయంగా నేర్చుకున్నాను.

పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. నాటకంలో కృష్ణుడో హరిశ్చంద్రుడో ఒక్క పద్యం ఎత్తుకుంటే రాగం తీసి, పాదం పాదానికీ విరిచి, 'వన్స్‌మోర్' కేకలకు తలవొగ్గి పావుగంట పాడిన సందర్భాలు ఉన్నాయి. ఆ పద్యమే ప్లేటు ఎక్కేసరికి మూడు నిమిషాలలో ముగియాలి. దీన్ని నష్టమనే చాలామంది అంటారు. నేను పూర్తిగా అలా అనుకోను. తెనుగు పద్యానికి రాగం చీర వంటిది, అక్షరం ఒళ్ళు వంటిది. మూడు నిమిషాల గడువు ఉండబట్టి గాయకులు రాగాన్ని కుదించుకుని అక్షరాన్ని విస్పష్టంగా పలికారు. యతి ఎక్కడ ఉన్నదో, సమాసం ఎక్కడ విరగాలో ఆ ప్లేట్లు విని నేర్చుకోవచ్చును. తరగతిలో ఛందస్సు చెప్పడానికి నాకు వాటికి మించిన ఉపకరణం దొరకలేదు.

1925 ప్రాంతంలో మైకు ద్వారా ముద్రించే పద్ధతి రాకముందు పరిస్థితి వేరు. కొమ్ము ముందు నిలబడి గొంతు చించుకొని పాడవలసినదే. ఆ యంత్రం సెకనుకు సుమారు రెండున్నర వేల కంపనాలకు పైబడిన ధ్వనిని పట్టడానికి చాలా అవస్థపడేది. శషసల బుసబుస చాలావరకు అంతకు పైనే ఉంటుంది. అందువల్ల ఆ తొలి ప్లేట్లలో ఊష్మాలు వినపడవు, ఊహించుకోవాలి. మైకు వచ్చి వాటిని తిరిగి ఇచ్చింది. ఇచ్చినదాన్ని మనవారు మళ్ళీ ఎలా పోగొట్టారో చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

ప్లేటు తరువాత లాంగ్‌ప్లే, దాని తరువాత 1980లలో క్యాసెట్టు, ఆపైన సీడీ, ఇప్పుడు ఫోను. ప్రతి మలుపులోనూ పాతవాటిని తిరిగి విడుదల చేశారు. కంపెనీలు సహజంగా అమ్ముడుపోయేవాటినే ఎంచుకున్నాయి. కరుణశ్రీ పద్యాలకు ఘంటసాల పాడిన పుష్పవిలాపం, ఆయన మరణానంతరం వెలువడిన భగవద్గీత ఏనాడూ అంగడిలో లేకుండా పోలేదు, అందుకు సంతోషమే. పాత హెచ్.ఎం.వి. కంపెనీ సరిగమగా పేరు మార్చుకుని 2017లో 'కారవాన్' పేరుతో వేలపాటలు నింపిన పెట్టెను తెచ్చింది. ముసలివారికి అది గొప్ప తోడు. కానీ ఊరూరా తిరిగిన నాటక గాయకుల ప్లేట్లు ఈ మెట్లన్నీ ఎక్కలేకపోయాయి. ఎక్కినవాటికి కాలో చెయ్యో విరిగింది.

నేను ఉద్యోగంలో ఉన్న రోజులలో, 1996 అనుకుంటాను, పద్యపఠన పోటీలకు న్యాయనిర్ణేతగా వెళ్ళాను. ఒక కుర్రవాడు జాషువాగారి శ్మశానవాటి సీసం ఎత్తుకున్నాడు. చక్కని గొంతు. నాలుగు పాదాలూ తప్పు లేకుండా చదివి, నమస్కారం పెట్టి దిగిపోయాడు. గీతి చదవలేదు. సీసం అంటే పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు చొప్పున నాలుగు పాదాలు, చివర తేటగీతో ఆటవెలదో ఉండాలి. గీతి లేని సీసం పద్యమే కాదు. పైగా ఈ పద్యంలో సీస పాదాలు శ్మశానంలో బూడిదైన వాటిని వరుసగా చెప్పుకుపోతాయి. ఆ దుఃఖాన్ని ఎత్తి శివుడి ముందు, మృత్యువు ముందు నిలబెట్టేది గీతే. అది పోతే పట్టికే మిగులుతుంది. నేను మార్కులు తగ్గించాను. మొదటి బహుమతి వాడికి రాలేదు. 'పద్యం సగంలో వదిలేశావేమిరా' అని నలుగురిలో అన్నాను కూడా. వాడు తెల్లబోయి 'అంతేనండీ పద్యం' అన్నాడు. మొండివాడనుకున్నాను.

పదవీవిరమణ తరువాత పెట్టెలోని ప్లేట్లను ఒక్కొక్కటే వింటూ ఉండగా అదే సీసం దొరికింది. సీసం నాలుగు పాదాలూ ఒక వైపు. తిప్పి వేస్తే రెండవ వైపు తేటగీతి. మూడు నిమిషాలలో రెండూ పట్టక అలా పంచారు. ఒక క్యాసెట్టు కంపెనీవారు ఎక్కువ పద్యాలు కూర్చాలనే తొందరలో ఆ ప్లేటును ఒక వైపు మాత్రమే ఎక్కించారు. ఆ క్యాసెట్టును వెదికి తెచ్చి విన్నాను. సందేహం లేదు, గొంతు అదే, ప్లేటు మీద గీతపడ్డచోట వచ్చే టిక్కుటిక్కు కూడా అదే తీరున ఉన్నది. కుర్రవాడు విన్నది అదే అయి ఉంటుంది. వాడికి అంతే పద్యం! ఫోనులలో ఇవాళ తిరుగుతున్నది కూడా ఆ మొండి సీసమే.

తప్పు అక్కడితో ఆగలేదు. ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరగాలి. నకలు తీసేటప్పుడు 82, 83 తిరిగితే శ్రుతి దాదాపు అర్ధస్వరం పెరుగుతుంది, గంభీరమైన గొంతు బాలుడి గొంతవుతుంది. క్యాసెట్టులో జరిగినది అదే. ఆపైన ఫోనులోని నకలుకు బుసబుస తీసివేసే మందు వేశారు. ప్లేటు రాపిడి శబ్దమూ, మన శషసలూ ఒకే ఇంటిలో కాపురముంటాయి. ఒకదాన్ని వెళ్ళగొడితే రెండవదీ పోతుంది. 'శ్మశానము' అన్న మాట అందులో ఎలా వినపడుతున్నదో వ్రాయడానికి మన లిపిలో అక్షరం లేదు.

మరొకటి చెప్పక తప్పదు. శ్మశానవాటి పద్యాలు జాషువాగారి ఖండకావ్యంలోనివి. నటులు వాటిని హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీనులో కలిపి పాడుతూ వచ్చారు. నా దగ్గరి ప్లేటు లేబులు మీద 'హరిశ్చంద్ర' అని ఉన్నది, గాయకుడి పేరు ఉన్నది, కవి పేరు లేదు. అవి బలిజేపల్లివారివే అనుకునేవారు ఈనాటికీ ఉన్నారు. అంటరానితనం వల్ల అడుగడుగునా అవమానపడిన కవి పేరు ఆయన పద్యం మీదే లేకపోవడం చిన్న సంగతి కాదు. హార్మోనియం వాయించినవారి పేరు ఉంటుందని నేను ఆశించనే లేదు.

మేము చదువుకున్న రోజులలో పరిష్కరణ అంటే ఒక పద్ధతి ఉండేది. బ్రౌను దొరగారు ఒక కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, పోల్చి, పాఠాంతరాలు గుర్తించి శుద్ధప్రతి వ్రాయించారు. శబ్దానికి ఆ మర్యాద ఎందుకు లేదు? రెండు వైపులూ పూర్తిగా ఎక్కించాలి. ఏ వేగంతో తిప్పారో చెప్పాలి. శుభ్రం చేసిన నకలు పక్కన చేయనిది కూడా ఉంచాలి. కవి, గాయకుడు, వాద్యగాడు ఎవరో వ్రాయాలి. లేబులు చుట్టూ ఖాళీచోట చెక్కిన అంకెను కూడా దించాలి, ప్లేటుకు అదే జన్మపత్రిక. షికాగోవారి పుస్తకంలో ఉన్నది ఇంతకంటే మరీ ఎక్కువేమీ కాదు.

హక్కుల చిక్కు ఉన్నదని కొందరు మిత్రులు అంటారు. మన చట్టం ప్రకారం ధ్వనిముద్రణకు ప్రచురించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళు హక్కు. అంటే 1964లోనూ అంతకు ముందూ వెలువడిన ప్లేట్ల ధ్వని హక్కులు 2024తో ముగిశాయి. కవుల హక్కు వేరే లెక్క, వారి మరణానంతరం 60 ఏళ్ళు. 1953లో గతించిన బలిజేపల్లివారి పద్యాలు 2013తోనే అందరివీ అయ్యాయి. తిరుపతి వేంకటకవులలో చెళ్ళపిళ్ళవారు 1950లో పోయారు కనుక పాండవోద్యోగ విజయాలకూ అడ్డు లేదు. జాషువాగారు 1971లో కన్నుమూశారు, ఆయన పద్యాలకు 2031 దాకా అనుమతి కావాలి. అడిగి తీసుకోవలసినదే. అలా అడగవలసి వస్తే కనీసం కవి ఎవరో తెలుసుకోవలసి వస్తుంది!

మేనల్లుడు వెళ్ళేలోగా ఇద్దరం కూర్చుని పెట్టెలోని ప్లేట్లలో పలకనివి పోగా మిగిలినవాటిని రెండు వైపులా నకలు తీశాం. వాడు వేగం సరిచూశాడు, నేను లేబుళ్ళు చదివి వ్రాసుకున్నాను. బాపట్ల వైపు సముద్రపు గాలికి సూదులు తుప్పు పట్టి ఉంటే తెనాలి నుంచి కొత్తవి తెప్పించవలసి వచ్చింది. శ్మశానవాటి రెండవ వైపు చివర చిన్న పగులు ఉన్నది. గీతి మూడవ పాదంలో ప్రతి చుట్టుకూ ఒక దెబ్బ వినపడుతుంది. దాన్ని తీసివేయమంటారా అని వాడు అడిగాడు, వద్దన్నాను.

ఆ కుర్రవాడు ఇప్పుడు రేపల్లెలో ఉపాధ్యాయుడని తెలిసింది. చిరునామా సంపాదించాను. పంపవలసిన నకలు సిద్ధంగా ఉన్నది, దానితో పెట్టవలసిన ఉత్తరం ఇంకా వ్రాయలేదు.