కోడి సుంకం, రోడ్డు ఉప్పు, ఒక పాత ఫోర్డ్ ట్రక్కు

అమెరికా అనగానే మనవాళ్లకు కంప్యూటర్లు, అద్దాల మేడలు, పొడవాటి కార్లు గుర్తొస్తాయి. కానీ దశాబ్దాలుగా ఈ దేశంలో విరగబడి అమ్ముడవుతున్న బండి కారు కాదు, పికప్ ట్రక్కు. ముందు చిన్న కేబిన్, వెనక పైకప్పు లేని తొట్టి. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచి పికప్పుల అమ్మకాల్లో మొదటి స్థానం వదల్లేదు. పొలం లేనివాడూ కొంటాడు, జీవితంలో ఇటుక మోయనివాడూ కొంటాడు. ఎందుకని అడిగితే ఇక్కడివాళ్లు స్వేచ్ఛ గురించి చెబుతారు. నా బండి, నా దారి, నా సామాను నేనే మోసుకుంటాను, ఒకరి మీద ఆధారపడను అంటారు. మనసారా నమ్మే అంటారు.

నేనుండేది మిషిగన్‌లో. ఇంటి గరాజ్‌లో 1972 నాటి ఫోర్డ్ ఎఫ్-100ను విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగిస్తూ వస్తున్నాను. ఒక్కో భాగం చేతిలోకి వచ్చేకొద్దీ నాకు తెలిసొచ్చింది వేరే కథ. ఈ బండి ఇలా ఉండడానికి కొనేవాడి ఇష్టం ఒక్కటే కారణం కాదు. వాషింగ్టన్‌లో రాసిన చట్టాలు, వేసిన సుంకాలు, వాటిలో వదిలిన సందులు కూడా కారణం. ట్రక్కంటే కష్టజీవి పనిముట్టు కదా అని సర్కారు దానికి మినహాయింపు మీద మినహాయింపు ఇస్తూ పోయింది. దేశం ఏ బండి ఎక్కాలో చాలావరకు ఆ మినహాయింపులే తేల్చాయి.

తొలినాళ్ల పికప్పులు చాలావరకు రైతులు సొంతంగా చేసుకున్నవే. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారు వెనక భాగం కోసేసి, చెక్క పెట్టె బిగించుకుని, పాల క్యాన్లూ బస్తాలూ వేసుకుని పట్నం వెళ్లేవారు. ఆ గిరాకీ చూసి 1925లో ఫోర్డ్ తానే తొట్టితో సహా అమ్మకానికి పెట్టింది, ధర 281 డాలర్లు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి 1942 ఫిబ్రవరిలో మామూలు కార్ల తయారీ ఆగిపోయింది. మాకు దగ్గర్లోని విల్లో రన్‌లో ఫోర్డ్ బీ-24 బాంబర్లు తయారుచేసింది. పని ముమ్మరంగా సాగిన రోజుల్లో గంటకో విమానం బయటికొచ్చేది. ఆ పనికోసం కెంటకీ, టెనెసీ కొండల నుంచి కుటుంబాలకు కుటుంబాలు తరలివచ్చాయి. మా పక్కింటి పెద్దాయన తల్లిదండ్రులు అలా వచ్చినవాళ్లే. ఆయన ట్రక్కుల ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. నాకు పానా పట్టుకోవడం నేర్పింది ఆయనే. యుద్ధం ముగిశాక 1948 మోడల్‌గా ఎఫ్-సిరీస్ మొదలైంది. నా బండి ఆ వంశంలో అయిదో తరం.

బానెట్ ఎత్తితే ఇంజిన్ చుట్టూ బోలెడంత ఖాళీ, మోచేతుల దాకా చేతులు పోతాయి. వరసగా ఆరు సిలిండర్లు, 300 ఘనపు అంగుళాలు, మన లెక్కలో 4.9 లీటర్లు. ఫోర్డ్ ఈ ఇంజిన్‌ను 1965 మోడల్ నుంచి 1996 దాకా ట్రక్కుల్లో వేసింది. పార్సిళ్లు పంచే వ్యాన్లు, విమానాశ్రయాల్లో సామాను లాగే బళ్లు కూడా దీనితో నడిచాయి. క్యామ్‌షాఫ్ట్‌ తిప్పడానికి చెయిన్ ఉండదు, పళ్ల చక్రాలే. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల పాయింట్లు కనిపిస్తాయి. వాటి సందులో ఫీలర్ గేజ్ రేకు పెట్టి, అది పట్టీపట్టనట్టు జారేలా చూసుకుని స్క్రూ బిగించాలి. ప్లగ్గులు 1-5-3-6-2-4 వరసలో మండుతాయి. రెండు వైర్లు తారుమారైతే బండి మొత్తం వణుకుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో పాత అంబాసిడర్ ఇంజిన్లు విప్పిన మెకానిక్ ఎవరైనా సరే, దీన్ని చూడగానే చొక్కా చేతులు మడిచి పనిలోకి దిగిపోతాడు.

సిలిండర్ హెడ్‌ను లేత్ షాపుకు పంపినప్పుడు వాల్వులు కూర్చునేచోట గట్టి ఉక్కు రింగులు వేయించాను. ఎందుకంటే ఈ ఇంజిన్ సీసం కలిపిన పెట్రోలు కాలానిది. ఆ సీసమే పలచటి పూతగా ఏర్పడి వాల్వు సీట్లు అరిగిపోకుండా కాపాడేది. జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్‌గ్లీ 1921లో ఈ సీసం మందుకు ఇంజిన్ నాకింగ్‌ను ఆపే గుణం ఉందని కనిపెట్టాడు. 1924లో న్యూజెర్సీలో దాన్ని తయారుచేసే రిఫైనరీలో కార్మికులు మతి చలించి ప్రాణాలు వదిలారు. అయినా దాన్ని తరాల తరబడి వీధి వీధినా కాల్చారు, పిల్లలు ఆ గాలే పీల్చారు. రోడ్డు బళ్లకు సీసం పెట్రోలు అమ్మకం అమెరికాలో పూర్తిగా ఆగింది 1996 జనవరి 1న. మన దేశంలో 2000 ఫిబ్రవరిలో ఆగింది. అంతకు ముందు మన ఊళ్ల బస్టాండ్ల దగ్గరా, పెట్రోలు బంకుల దగ్గరా పెరిగిన నా ఈడువాళ్లందరం ఆ కథలో ఉన్నవాళ్లమే.

1970లో స్వచ్ఛమైన గాలి కోసం గట్టి చట్టం వచ్చింది. 1975 కల్లా చాలా కార్లకు పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ బిగించాల్సి వచ్చింది. సీసం తగిలితే కన్వర్టర్ పాడైపోతుంది కాబట్టి సీసంలేని పెట్రోలే పోయాలి. అయితే ఆ నిబంధన 6,000 పౌన్ల లోపు బళ్లకే. సామానుతో కలిపి ఆ బరువు దాటేలా ఫోర్డ్ అదే ఏడాది కొత్త మోడల్ దించింది. అదే ఎఫ్-150. తరవాత ప్రపంచమంతా పేరు మోగిన బండి ఒక చట్టాన్ని తప్పించుకోవడానికి పుట్టింది. 1975లోనే వచ్చిన ఇంధన పొదుపు చట్టంలో ట్రక్కుల లెక్క వేరు, కార్ల లెక్క వేరు. పెట్రోలు విపరీతంగా తాగే బళ్ల మీద 1978లో వేసిన పన్నూ కార్లకే తప్ప ట్రక్కులకు లేదు. ఇన్ని వెసులుబాట్లున్నచోట కంపెనీలు ఏ బండిని పెంచి పెద్దచేస్తాయో వేరే చెప్పాలా? నేటి పికప్ పక్కన నిలబెడితే నా ఎఫ్-100 పిల్లబండిలా కనిపిస్తుంది. బానెట్ ఎత్తు 40 అంగుళాలు మించిన బళ్లు పాదచారుల్ని గుద్దితే ప్రాణం పోయే అవకాశం, ఎత్తు తక్కువగా ఉండి ముందుకు వాలిన బానెట్లతో పోలిస్తే, 45 శాతం దాకా ఎక్కువని ఇక్కడి బీమా కంపెనీల భద్రతా సంస్థ 2023లో తేల్చింది. కష్టజీవి పేరు చెప్పి ఇచ్చిన మినహాయింపులకు రోడ్డు దాటేవాళ్లు మూల్యం చెల్లిస్తున్నారు. నాకు ఇది న్యాయంగా తోచదు.

అన్నిటికన్నా వింత కథ కోడిది. యుద్ధం తరవాత అమెరికాలో కోళ్ల పెంపకం పెద్ద పరిశ్రమగా మారి, చవక కోడిమాంసం పశ్చిమ జర్మనీ బజార్లను ముంచెత్తింది. తమ రైతుల్ని కాపాడుకోవడానికి యూరప్ దేశాలు 1962లో దాని మీద సుంకం పెంచాయి. కెనడీ హత్య జరిగి రెండు వారాలు కాకముందే, 1963 డిసెంబరులో, కొత్త అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బదులు తీర్చుకున్నాడు. బ్రాందీ, బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్, వాటితోపాటు విదేశీ చిన్న ట్రక్కులు, వీటన్నిటి మీదా సుంకం వేశాడు. ట్రక్కుల మీద 25 శాతం. అప్పటి గురి జర్మనీ ఫోక్స్‌వ్యాగన్ మీద. కోడి గొడవ ఎప్పుడో చల్లారింది, మిగతా సరుకుల మీది సుంకాలు తగ్గాయి, ట్రక్కు మీది సుంకం మాత్రం తరాలు దాటి నిలిచింది. దాని నీడలో డెట్రాయిట్ కంపెనీలు పికప్పుల మీద హాయిగా లాభాలు గడించాయి.

తప్పించుకునే దారులు వెతకనివాళ్లు లేరు. జపాన్ బళ్లను తొట్టి లేకుండా ఓడ దించి, ఇక్కడ తొట్టి బిగించి అమ్మారు. సుబారు అయితే 1978 మోడల్ బ్రాట్ అనే పికప్ తొట్టిలో రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించింది. సీట్లున్నాయి గనుక ఇది ప్రయాణికుల బండేనని వాదన. చివరికి ఆ సుంకం ఇన్నాళ్లూ ఎవరిని కాపాడిందో ఆ ఫోర్డే టర్కీ నుంచి వెనక సీట్లతో వ్యాన్లు తెప్పించి, ఇక్కడ దిగగానే సీట్లు పీకేసి సరుకుల బళ్లుగా అమ్మింది. ఆ వ్యవహారాన్ని పరిష్కరించుకోవడానికి 2024లో సర్కారుకు 36.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

సుంకాలు చిన్న ట్రక్కులకు కొంతవరకు అడ్డుపడ్డాయి గానీ జపాన్ కార్లను ఆపలేదు. రెండు చమురు సంక్షోభాల తరవాత జనం తక్కువ పెట్రోలు తాగే కార్ల వైపు తిరిగారు, మిషిగన్‌లో ప్లాంట్లు మూతపడ్డాయి, కోపం మనుషుల మీదికి మళ్లింది. 1982 జూన్‌లో విన్సెంట్ చిన్ అనే 27 ఏళ్ల చైనీస్ అమెరికన్‌ను, ఇంకొద్ది రోజుల్లో పెళ్లి కావాల్సినవాణ్ని, ఇద్దరు తెల్లవాళ్లు బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. వాళ్లిద్దరూ కార్ల పరిశ్రమలో పనిచేసినవాళ్లు. జపాన్‌వాడనుకుని కక్ష పెంచుకున్నారని సాక్షులు చెప్పారు. జడ్జి జైలుశిక్ష వేయలేదు. మూడేళ్ల ప్రొబేషన్, మూడు వేల డాలర్ల జరిమానాతో సరిపెట్టాడు. అది జరిగింది డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న హైలాండ్ పార్క్‌లో. 1913లో హెన్రీ ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైను నడిపిన ఊరు అదే. ఆ దారిన వెళ్లినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది విన్సెంట్ చిన్ పేరే.

కోడి సుంకం వేసిన జాన్సనే 1965 అక్టోబరు 3న న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమ దగ్గర కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. అంతకు ముందు భారతదేశానికి ఏడాదికి నూరు మంది కోటా. ఆ చట్టం తలుపు తీశాకే మన తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో వచ్చారు. డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్లలో ఇన్ని తెలుగు కుటుంబాలు స్థిరపడడానికి, కార్ల కంపెనీల డిజైన్ గదుల్లో తెలుగు వినిపించడానికి పునాది అదే. పరాయి బళ్లకు అడ్డుగోడ, పరాయి మనుషులకు దారి, రెండూ రెండేళ్ల తేడాతో ఒక్క చేతి సంతకాలు.

ఇక నా బండికి అసలు శత్రువు తుప్పు. మిషిగన్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ తెచ్చిన చట్టంతో 41,000 మైళ్ల జాతీయ రహదారులకు శ్రీకారం చుట్టాక, చలికాలంలో కూడా నల్లరోడ్డు కనిపించాలన్న పట్టుదల పెరిగింది, దాంతోపాటు ఉప్పూ పెరిగింది. ఆ ఉప్పుకు గనులు డెట్రాయిట్ నగరం కిందే ఉన్నాయి, సుమారు 1,200 అడుగుల లోతున. పైన బళ్లు తయారుచేసిన నేల, కింద వాటిని తినే ఉప్పు. కేబిన్ వెనక మూలల్ని చిన్న సుత్తితో తడుతూ పోతే మంచి రేకు ఖంగుమంటుంది, పుచ్చిన రేకు బొదబొదమంటుంది. అక్కడ స్క్రూడ్రైవర్ ఆనిస్తే పిడి దాకా దిగిపోతుంది. రంగు మాత్రం పైన నిగనిగలాడుతూనే ఉంటుంది. పుచ్చినంతమేరా గ్రైండర్‌తో కోసి, కొత్త రేకు కొలతకు వంచి, చుక్క ఇక్కడొకటి, అక్కడొకటి చొప్పున వెల్డింగ్ వేయాలి. ఒకేచోట గీతలా లాగితే వేడికి రేకు వంకర పోతుంది. లోపల డొల్లలోకి మైనం కొట్టకపోతే రెండు చలికాలాల్లో మళ్లీ మొదటికొస్తుంది.

ఈ వెల్డింగ్‌కు ముందు పెట్రోలు ట్యాంకు దించాలి. ఎందుకంటే 1972 ఎఫ్-100లో ట్యాంకు ఉండేది కేబిన్ లోపల, సీటు వెనకే. నడిపేవాడి వీపుకూ పెట్రోలుకూ మధ్య సీటు మాత్రమే అడ్డం. మలుపు తిరిగితే లోపల అలలు కొట్టుకునే చప్పుడు వినిపిస్తుంది, ఎండాకాలం కేబిన్ నిండా పెట్రోలు వాసన. ఇలాంటి అజాగ్రత్త మీదే రాల్ఫ్ నేడర్ అనే లాయరు 1965లో కార్ల కంపెనీలను ఎండగడుతూ పుస్తకం రాశాడు. అతని వెనక డిటెక్టివులను పెట్టించినందుకు జనరల్ మోటార్స్ అధ్యక్షుడు సెనేట్ కమిటీ ముందు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. 1966లో వాహన భద్రతా చట్టం వచ్చింది. కానీ అక్కడా ట్రక్కుకు మర్యాద వేరు. కార్ల ముందు సీట్లకు 1969 నుంచి తప్పనిసరైన తలవెనక దిండ్లు చిన్న ట్రక్కులకు తప్పనిసరైంది 1991లో. నా బండికి అవి లేవు. ట్యాంకును కేబిన్ బయటికి ఫోర్డ్ 1973 మోడల్‌లో మార్చింది.

పక్కింటి పెద్దాయనతో నాకు ఒక్క ట్యాంకు మార్చే విషయంలోనే వాదన. ప్లాంటులోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంచాలని ఆయన పట్టు. ఆ బళ్లు బిగించిన చేతులు ఆయనవి, ఆ మాట అనే హక్కు ఆయనకుంది. కానీ సీటు మధ్యలో కూర్చునేది మా అమ్మాయి. పాత ట్యాంకు తుడిచి అటక మీద పెట్టాను. కొత్తది తొట్టి కింద, వెనక ఇరుసుకు అవతల, చాసిస్ కమ్మీల మధ్య వేలాడదీయాలి, దానికి తొట్టి ఎత్తక తప్పదు. పెద్దాయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు తనే వచ్చి తొట్టి బోల్టులకు తుప్పు వదిలే నూనె కొట్టి, "మీ అమ్మాయి మేనమామల్ని కూడా పిలువు, ఇద్దరం ఎత్తలేం" అన్నారు. శనివారం ఎత్తుతున్నాం.