కావలెను, అమ్మబడును, అద్దెకు కలదు

ఎకరానికి 4840 గజాలు. సెంటుకి 48.4 గజాలు, గుంటకి 121. మా తాతల తరానికి ఈ లెక్క అవసరం రాలేదు. వాళ్ళకి పొలం అంటే ఎకరాలు, సెంట్లు. తెలంగాణ వైపైతే ఎకరాలు, గుంటలు. గజాలు ఇంటి స్థలానికీ చీర గుడ్డకీ పనికొచ్చేవి. పొలాన్ని గజాల్లో చెప్పడం మన చిన్న పట్టణాల్లో ఎప్పుడు మొదలైందో చూడాలంటే పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. జిల్లా పేపరు వెనక పేజీల్లో చీమ తలకాయంత అక్షరాలతో వచ్చే వర్గీకృత ప్రకటనలు వరసగా చదివితే చాలు. జనం వాటిని క్లాసిఫైడ్స్ అంటారు, మా ఊళ్ళో "చిన్న యాడ్లు" అంటాం. ఈ పోస్టు వాటి గురించే. కొంచెం పెద్దదే, తీరికగా చదవండి.

పేపర్లు రాకముందు ఊళ్ళో ఏది అమ్ముడుపోతుందో ఎలా తెలిసేది? దండోరా ఉండేది. కోర్టు వాళ్ళు పొలం జప్తు చేసినా, వేలం వేసినా డప్పు కొట్టించి చెప్పాలి. ఇది ఊరి ఆచారం మాత్రమే కాదు, 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో రాసి ఉన్న నియమం. జప్తు ఉత్తర్వుని ఆ ఆస్తి దగ్గరే డప్పు కొట్టి గానీ, అక్కడి ఆనవాయితీ ప్రకారం ఇంకోలా గానీ చాటించాలని ఉంటుంది. కోర్టు చెబితే వేలం ప్రకటన స్థానిక పత్రికలో కూడా వేయాలి. అంటే డప్పు, పేపరు రెండూ ఒకే చట్టంలో పక్కపక్కనే ఉన్నాయి.

మిగతా కబురంతా కరణం గారి దగ్గర, మధ్యవర్తి దగ్గర, సంతలో. ఎవరికి అప్పు ముదిరింది, ఎవరు కూతురి పెళ్ళికి రెండెకరాలు తీసేస్తున్నారు, ఎంతకి బేరం తెగింది అన్నది నలుగురైదుగురికే తెలిసేది. తెలిసినవాడికి డబ్బు. సంతలో ఎడ్ల బేరం చూసినవాళ్ళకి గుర్తుంటుంది, తువ్వాలు కింద చెయ్యి పెట్టి వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవాళ్ళు. పక్కన నిలబడ్డవాడికి కూడా అంకె తెలియదు.

పేపర్లలో ప్రకటనలు మాత్రం పాతవే. మన దేశంలో మొదటి అచ్చు పత్రిక 1780లో కలకత్తాలో హికీ పెట్టింది, దాని పేరులోనే "జనరల్ అడ్వర్టైజర్" అని ఉంది. మద్రాసు నుంచి వచ్చే హిందూ పేపరు 1958 దాకా మొదటి పేజీ నిండా ప్రకటనలే వేసేది, వార్తలు లోపల. మన తెలుగులో ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు గారు అమృతాంజనం అమ్మి పైకొచ్చిన మనిషి, ప్రకటన బలం ఆయనకి చెప్పక్కర్లేదు. ఆ పత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై 1914లో మద్రాసులో దినపత్రిక అయింది.

అయితే ఆ ప్రకటనలు మనవి కావు. మద్రాసులో అచ్చై రైలెక్కి వచ్చే పేపర్లో తెనాలిలో రెండు గదుల వాటా అద్దెకుందని వేస్తే ఎవడు చూస్తాడు? చూసిన నలుగురి కోసం రాష్ట్రమంతటికీ వెల కట్టాలి. చిన్న ఊరి చిన్న బేరానికి పెద్ద పేపరు పనికిరాదు. అసలు చిక్కంతా అక్కడుంది.

ఆ చిక్కు విప్పింది ఈనాడు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలై, తర్వాత హైదరాబాద్, విజయవాడ, తిరుపతిలో అచ్చు పెట్టి, 1989లో జిల్లాకొక చిన్న పేపరు లోపల పెట్టి ఇవ్వడం మొదలెట్టింది. రాబిన్ జెఫ్రీ అనే ఆస్ట్రేలియా ఆచార్యుడు భారతీయ భాషా పత్రికల మీద 2000లో వేసిన పుస్తకంలో దీని గురించి రాశాడు. జిల్లా పేజీ అంటే మన మండలం వార్త రావడం ఒక్కటే కాదు, మన జిల్లాకే వెల కట్టి ప్రకటన కొనుక్కోవచ్చు. బట్టల కొట్టువాడు, ట్యుటోరియల్ వాడు, ట్రాక్టరు అమ్ముకునేవాడు మొదటిసారి పేపర్లోకొచ్చారు. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి.

ఇక్కడ నా మాట ఒకటి. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులు తీసేసింది. 1985లో మండలాలొచ్చాయి. అంటే ఊరి భూమి గుట్టు తెలిసిన పాత మనిషి అధికారం పోయింది, నిన్నటి పెద్ద పల్లె ఇవాళ ఆఫీసులూ బస్టాండూ ఉన్న మండల కేంద్రమైంది. నాలుగేళ్ళకే జిల్లా పేపరు దిగింది. ఇవన్నీ కలిసొచ్చాయనే నాకనిపిస్తుంది.

యాడ్ ఇవ్వడం కూడా ఒక పనే. బస్టాండు దగ్గర జిరాక్సు షాపో, పేపరు ఏజెంటో, విలేకరో. కాగితం మీద రాసిస్తే ఆయన పెన్నుతో ఒక్కో మాట లెక్కపెట్టేవాడు. మాటకింత, లేదా లైనుకింత. దాంతో మనవాళ్ళు మాటలు కొయ్యడం నేర్చారు. "మా దగ్గర మంచి కండిషన్లో ఉన్న ట్రాక్టరు ఒకటి అమ్మాలనుకుంటున్నాం" అన్నది "ట్రాక్టరు, ట్రక్కు అమ్మబడును" అయ్యేది. చూడండి, ఇంట్లో ఎవరూ "అమ్మబడును", "కావలెను", "ఇవ్వబడును" అనరు. వ్యవహార భాష వార్తల్లోకి వచ్చి ఎన్నో ఏళ్ళయినా ఈ చిన్న యాడ్లలో మాత్రం గ్రాంథికం చావలేదు. కారణం సింపుల్. ఒక్క మాటలో పని అయిపోతుంది, పైగా ఎవరు అమ్ముతున్నారో చెప్పక్కర్లేదు. పొలం అమ్ముకోవడం మన దగ్గర పరువు సంగతి. "అమ్మబడును"లో మనిషి కనపడడు.

ఫోన్ లేనివాళ్ళు పక్కింటి నంబరో ఎస్టీడీ బూతు నంబరో ఇచ్చి పక్కన పి.పి. అని వేయించేవాళ్ళు. ఆ నంబరుకి చేస్తే బూతు కుర్రాడు "లైన్లో ఉండండి" అని పరిగెత్తేవాడు. నంబరు కూడా వద్దనుకుంటే బాక్సు నంబరు, ఉత్తరం పేపరాఫీసుకి. పెళ్ళి సంబంధాలకి ఎక్కువ అదే.

ధర మాత్రం రాసేవాళ్ళు కాదు. "వివరాలకు సంప్రదించండి" అంతే. అంటే తువ్వాలు పోలేదు, ఫోనుకి మారింది. కింద "మధ్యవర్తులు అవసరం లేదు" అని ఉండేది కానీ ఆ యాడ్ వేసినవాడే చాలాసార్లు మధ్యవర్తి. అయినా ఒక మార్పు నిజం. ఫలానా చోట ఫలానాది అమ్మకానికుంది అన్న కబురు నలుగురి చేతిలోంచి నలభై వేల మంది ముందుకొచ్చింది. రెండో మనిషికి ఫోన్ చేసి అడిగే వీలు దొరికింది.

అద్దె ఇళ్ళ సంగతి రైతు ఇళ్ళకి బాగా తెలుసు. పిల్లల్ని కాలేజీకని టౌనులో పెట్టాలంటే ఒక గది కావాలి. "చిన్న కుటుంబానికి", "వెజిటేరియన్లకు మాత్రమే", "బ్యాచిలర్స్ వద్దు". పేపర్లో అంతవరకే. ఫోన్ చేశాక "మీ ఇంటిపేరేంటండీ" అనే ప్రశ్న వచ్చేది. అచ్చులో వేయలేని మాట ఇంటిపేరు అడిగి తేల్చుకునేవాళ్ళు. "వాటా నిన్ననే అయిపోయిందండీ" అన్న జవాబు విని, వారం తర్వాత అదే యాడ్ మళ్ళీ పేపర్లో చూసినవాళ్ళు మనలో తక్కువేం కాదు.

ఇంకో సంగతి గమనించారా? ఇల్లు అద్దెకు, షాపు అద్దెకు, చేపల చెరువు లీజుకు, మామిడి తోట కాపు లీజుకు, దేవుడి మాన్యం వేలం, ఇవన్నీ పేపర్లో చూశాం. "రెండెకరాల మాగాణి కౌలుకు ఇవ్వబడును" అన్న యాడ్ చూడడం మహా అరుదు. మన దగ్గర లక్షల ఎకరాలు కౌలు మీదే నడుస్తుంటే ఆ బేరం మాత్రం అచ్చులోకి రాదు. 1956 కౌలుదారీ చట్టం కౌలుదారుకి హక్కులిచ్చింది. అప్పట్నుంచీ రాతలో పెడితే పొలం పోతుందన్న భయం ఆసామికి పట్టుకుంది. అందుకే నోటి మాట, గట్టు మీద ఒప్పందం, ఏడాదికోసారి మనిషిని మార్చడం. ఆ భయం తీర్చడానికే 2011లో రుణ అర్హత కార్డుల చట్టం, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల చట్టం తెచ్చారు. కార్డు మీద సంతకం పెట్టమంటే ఇప్పటికీ ఎంతమంది ఆసాములు ముందుకొస్తున్నారో మీకు తెలుసు. బ్యాంకు అప్పు, నష్టపరిహారం కాగితం చూసి వస్తాయి. కౌలు రైతుకి ఆ కాగితమే లేదు. చిన్న యాడ్లలో వాడు లేకపోవడం, సర్కారు లెక్కలో వాడు లేకపోవడం, రెండూ ఒకే జబ్బు.

ఉద్యోగాల కాలమ్ ఇంకో లోకం. "సేల్స్ బాయ్స్ కావలెను, పదో తరగతి పాస్ / ఫెయిల్." ఫెయిలైనవాడిని కూడా రమ్మని పిలిచిన చోటు అదొక్కటే అని నవ్వుకునేవాళ్ళం. ప్రైవేటు స్కూళ్ళకి టీచర్లు, కాంపౌండరు, లారీ డ్రైవర్లు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల్లో గల్ఫ్ యాడ్లు: దుబాయ్, మస్కట్‌లకి తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, ఫిట్టర్లు, ఫలానా లాడ్జిలో ఇంటర్వ్యూ. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు మనుషుల్ని విదేశాలకి పంపకూడదు. ఆ సంగతి తెలియక, పొలం తాకట్టు పెట్టి లాడ్జి గదిలో డబ్బు కట్టి మోసపోయిన కుటుంబాలు ఎన్నో.

సర్కారు కొలువుల విషయంలో మన కృష్ణా జిల్లా కేసొకటి దేశం మొత్తానికి దారి చూపింది. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ పంపిన పేర్లే తీసుకుంటామని ఎక్సైజ్ శాఖ అంటే, అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఎక్స్ఛేంజీకి చెప్పడంతో పాటు, బాగా చదివే పేపర్లలో కూడా ప్రకటన వేసి, వచ్చిన వాళ్ళందర్నీ చూడాలని 1996లో కోర్టు చెప్పింది. అక్కడ పేరు నమోదు లేని పల్లె పిల్లాడికి అది పెద్ద మేలు.

మోసాలు కూడా ఇదే కాలమ్‌లో పండాయి. "మీ పొలంలో సెల్ టవర్, అడ్వాన్సు లక్షల్లో, నెలకి వేలల్లో అద్దె." మా పక్క ఊళ్ళో ఒకాయన రిజిస్ట్రేషన్ ఫీజని, ఇన్సూరెన్సని నాలుగు దఫాలుగా కట్టాడు. టవరూ లేదు, ఆ ఫోనూ మోగలేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దీని మీద జనాన్ని హెచ్చరిస్తూ ప్రకటనలిచ్చింది. టవర్ పెట్టేవాడు మీకు అద్దె కట్టాలి గానీ మీ దగ్గర వసూలు చెయ్యడు. ఆ హెచ్చరిక కూడా పేపర్లోనే వచ్చింది, యాడ్ కూడా పేపర్లోనే వచ్చింది. అడుగున "ప్రకటనల్లోని విషయాలకు పత్రిక బాధ్యత వహించదు" అన్న లైను సరేసరి.

ఇప్పుడు గజాల దగ్గరికొద్దాం. మొదట్లో పొలాల యాడ్లు "రెండు పంటల మాగాణి, కాలవ నీరు", "బోరు, మోటరు, షెడ్డుతో" అని వచ్చేవి. నీరు, నేల, పంట చెప్పేవాళ్ళు. రానురాను "రోడ్డు బిట్టు" వచ్చింది. తర్వాత "తూర్పు ఫేసింగ్, వాస్తు ప్రకారం, క్లియర్ టైటిల్". నీటి మాట మాయం. అదే నేల ఎకరాల్లో అమ్మితే ఒక ధర, మధ్యలో రోడ్లకి పోగా మిగిలింది గజాల్లో అమ్మితే ఇంకో ధర. మధ్యలో తేడా తిన్నది ఎవరో కానీ, ఎకరాల్లో అమ్మినవాడు మాత్రం కాదు. సాగు భూమిని వేరే పనికి మార్చుకునే నాలా చట్టం 2006లో వచ్చేనాటికి ఈ భాష మన చిన్న పట్టణాల్లో పాతబడింది.

తర్వాత చేతికి సెల్‌ఫోన్ వచ్చింది. ఓఎల్ఎక్స్ లాంటివి వచ్చాయి, వాట్సాప్ గ్రూపులు వచ్చాయి. సెకండ్ హ్యాండ్ ట్రాక్టరు ఫొటోలతో సహా అక్కడే. అద్దె ఇల్లు అక్కడే. పాడి గేదెని వీడియోలో పాలు పిండి చూపిస్తున్నారు. పేపర్లో కాలమ్ చిక్కిపోయింది.

అయినా ఒకటి పోలేదు. నోటీసులు. పాసుపుస్తకం పోయిందనీ, దస్తావేజు పోయిందనీ, ఫలానా సర్వే నంబరులో భూమి మా క్లయింటు కొంటున్నారు, అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో చెప్పాలనీ లాయరు నోటీసు. అది చూడలేదని మీ హక్కు ఊరికే పోదు. కానీ రేపు కొన్నవాడు "పేపర్లో వేయించాను, ఎవరూ రాలేదు" అని కోర్టులో చూపిస్తాడు.

బ్యాంకు వాళ్ళది ఇంకా గట్టిది. 2002 సర్ఫేసీ చట్టం కింద తాకట్టు ఆస్తి స్వాధీనం చేసుకుంటే రెండు పేపర్లలో వేయాలి, ఒకటి మన భాషలో. దాని మీద ట్రిబ్యునల్‌కి వెళ్ళడానికి 45 రోజులు. సాగు భూమికి ఆ చట్టం వర్తించదు. ఇంటికీ, నాలా అయిపోయిన స్థలానికీ ఆ మినహాయింపు లేదు.

భూసేకరణ చూడండి. 1894 చట్టానికి 1984లో సవరణ తెచ్చి, నోటిఫికేషన్ రెండు దినపత్రికల్లో, ఒకటి స్థానిక భాషలో వేయాలన్నారు. అభ్యంతరాలకి 30 రోజులు. 2013 కొత్త చట్టంలో అదే రెండు పేపర్ల నియమం ఉంది, గడువు 60 రోజులు చేశారు. రెండు పేపర్లు ఆ ప్రాంతంలో తిరిగేవై ఉండాలి అంతే. మీ ఇంటికొచ్చే పేపరే కావాలని ఎక్కడా లేదు.

మా ఊరి టీ కొట్టుకి మూడు పేపర్లొస్తాయి. రోజూ ఒక పెద్దాయన వచ్చి మొదటి పేజీ ముట్టుకోడు. కళ్ళజోడు పెట్టుకుని వెనక పేజీల మీద వేలు ఆనించి, మన మండలం పేరు కనిపిస్తే ఆగి, సర్వే నంబర్లు పైకి చదువుతాడు. ఎవరిదైనా నంబరు తగిలితే కొట్టు కుర్రాడు ఆ పేజీ సెల్‌లో ఫొటో తీసి వాళ్ళకి పంపుతాడు.