పూత కింది రంగు

అజంతా చిత్రాల రంగులను చాలాకాలం మనం లక్కపూత మీదుగానే చూశాం. 1920-22లో హైదరాబాద్ నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి చెక్కోని, ఓర్సీని అనే నిపుణులను రప్పించింది. రాలిపోతున్న పొరలను వారు నిలబెట్టారు. కాని వారు పూసిన లక్క క్రమంగా పసుపెక్కి అసలు రంగులను కప్పేసింది.

ఇవాళ చిత్రాన్ని గీరకుండానే పొరలను వేరుచేసి చదవవచ్చు. అతినీలలోహిత కాంతిలో లక్క నారింజరంగులో మెరుస్తుంది. ఎక్స్ కిరణాలు సోకితే ఎర్రమట్టిలోని ఇనుము బయటపడుతుంది. ఆ ఎరుపు మట్టిదైతే, నీలం ఆఫ్ఘన్ కొండల లాపిస్ లాజులి రాయి. వాకాటక హరిషేణుని పేరు శాసనాల్లో నిలిచింది. ఆ రాయిని తవ్వి, మోసి, నూరిన శ్రామికుల జాడ రంగులోనే మిగిలింది.

హఫీజ్‌పేట్‌లో తెలుగు పాఠం చెప్పే నాకు ఇందులో సాహిత్య విమర్శకూ ఒక పద్ధతి కనిపిస్తోంది. వ్యాఖ్యాతల పూతను మూలమని భ్రమపడకూడదు. పూత తొలగించే ఉత్సాహంలో మూలాన్ని గాయపరచనూ కూడదు.