పెద్దల మాట: డెనే జాతి సభలు

గ్రేట్ స్లేవ్ సరస్సున పుట్టి, వెయ్యి మైళ్లకు పైగా ప్రవహించి, ఆర్కిటిక్ సముద్రమున కలియు మహానదిని కెనడా దేశపటములు మెకెంజీ యని పేర్కొనుచున్నవి. 1789లో ఆ నదిని సాగరసంగమము వరకు అనుసరించిన వర్తకుని పేరది. తీరవాసులగు డెనేలు మాత్రము తరతరములుగా దానిని డెహ్‌చో, అనగా పెద్ద నది, అని పిలుచుచున్నారు. నదికి రెండు పేర్లున్నట్లే ఆ నేలకు రెండు చరిత్రలు కలవు. ఒకటి కాగితములందున్నది, రెండవది పెద్దల జ్ఞాపకమందున్నది.

'డెనే' యనగా మనుష్యులని యర్థము. చిపెవాన్, త్లిచో, స్లేవీ, గ్విచిన్ మొదలగు తెగలవారు ఈ పేరున చేరుదురు. వారి భాషలు వేరైనను ఒకే కుటుంబమునకు చెందినవి. కారిబూ జింకలు సాగు దారులు, గడ్డకట్టిన సరస్సుపై అడుగిడదగిన చోటు, వేటలో దొరికిన జంతువుపట్ల చూపవలసిన మర్యాద, ఇవన్నియు పిల్లలు పెద్దల వెంట నడిచి నేర్చుకొనిన విద్యలు.

1899లో ఎనిమిదవ ఒడంబడికయు, నార్మన్ వెల్స్ వద్ద చమురు పడిన మరుసటి యేట, అనగా 1921లో, పదునొకండవ ఒడంబడికయు జరిగినవి. డెనేలు తమ భూమిని ప్రభుత్వమునకు వదలుకొనినట్లు ఆ పత్రములందు వ్రాయబడి యున్నది. పెద్దలు చెప్పినది వేరు. తాము చేసికొన్నది శాంతి స్నేహముల ఒప్పందమనియు, వేటకు, చేపలు పట్టుటకు అడ్డు రాదని మాట పుచ్చుకొంటిమనియు, భూమిని విడుచు ప్రసక్తియే రాలేదనియు వారు చెప్పిరి.

ఈ మాటను నిలుపవలసిన పిన్నలను వసతి పాఠశాలలు ఇండ్లనుండి వేరుచేసినవి. అచ్చట మాతృభాష పలికినందుకు పలువురు దండన పొందిరి. ఇంటికి వచ్చిన బాలునకు అవ్వతో మాటలాడుటకు మాటలు కరవయ్యెను. అయినను అట్టి బడులలో నేర్చిన ఆంగ్లముతోడనే కొందరు యువకులు పెద్దల మాటను న్యాయస్థానమునకు చేర్చిరి.

1973లో 16 మంది నాయకులు, వారిలో యువకుడగు ఫ్రాన్స్వా పాలెట్ ముందు నిలువగా, నాలుగు లక్షల చదరపు మైళ్లకు మించిన భూమిపై తమకు హక్కు కలదని ప్రభుత్వ దస్తరమున హెచ్చరిక నమోదు చేయగోరిరి. న్యాయమూర్తి విలియం మారో స్వయముగా గ్రామములకు పోయి, ఒడంబడిక నాటి సంగతులెరిగిన వృద్ధుల సాక్ష్యము వినెను. భూమిని వదలుకొనిరను మాట సందేహాస్పదమనియు, డెనేల హక్కు విచారింపదగినదనియు తీర్పు చెప్పెను. పై న్యాయస్థానములు సాంకేతిక కారణమున ఆ నమోదును త్రోసిపుచ్చినవి. కాని వృద్ధుల జ్ఞాపకము అప్పటికే సాక్ష్యముగా లిఖితమై యుండెను.

1975 జూలైలో ఫోర్ట్ సింప్సన్ నందు కూడిన మహాసభ డెనేలు ఒక జాతియని ప్రకటించెను. ఆ కాలముననే, నదీలోయ వెంట వేయదలచిన గ్యాసు గొట్టపుమార్గమును గూర్చి విచారణ జరిపిన థామస్ బెర్జర్ 35 ఊళ్లకు పోయి, పెద్దలను పిన్నలను వారి వారి భాషలలో మాటలాడనిచ్చి వినెను. భూహక్కులు పరిష్కారమగుటకై పదేండ్లు ఆ పని ఆపవలెనని 1977లో సూచించెను.

ఐకమత్యము మాత్రము సులభముగా నిలువలేదు. 1990లో, పూర్వపు హక్కులను రద్దుచేయు షరతు కారణముగా ఉమ్మడి భూ ఒప్పందము చెడిపోయెను. 1992లో గ్విచిన్‌లు, 1993లో సహ్తూ ప్రాంతమువారు, 2003లో త్లిచోలు విడివిడిగా ఒప్పందములు చేసికొనిరి.

దారులు వేరైనను సభలు ఆగలేదు. డప్పులు మ్రోగును, అగ్నికి ఆహారము సమర్పింతురు, వృద్ధుడొకడు లేచి తన భాషలో మాటలాడును. ఎదుట కూర్చున్న పిన్నలలో కొందరికి ఆ మాట అనువాదము వలన గాని అందదు. అది అనువాదము లేకయే వారికి అందవలెనన్నదే ఆ సభల ఆశయము.