విశాఖ తీరంలో గాలపు వేట

భీమునిపట్నం మొదలు పూడిమడక దాకా బంగాళాఖాతం ఒడ్డున ఉన్న పల్లెల జాలర్లు వల వేయకుండా గాలం, ఎర, నైలాన్ దారంతో పెద్ద చేపలను పట్టే వేటను గాలపు వేట అంటారు. ఇందులో ముఖ్యంగా దొరికేవి సూర, అంటే ట్యూనా. ఇక్కడ కోనాం అని పిలిచే వంజరం. మార్లిన్‌కూ సెయిల్‌ఫిష్‌కూ ఉమ్మడి పేరైన కొమ్ముకోనాం. రాళ్ల పక్కన తిరిగే పారలు. ఉక్కు కర్మాగారపు ఉద్యోగుల కోసం కట్టిన ఉక్కునగరానికి దగ్గరి తీరంలోని గంగవరం, అప్పికొండ, ఇంకా దిగువన ముత్యాలమ్మపాలెం, పూడిమడక ఈ వేట బాగా తెలిసిన ఊళ్లు. వీటిలో పూడిమడకది ప్రత్యేక స్థానం. సూర వేటలో ఆ ఊరి వాళ్లకున్న నేర్పు కోస్తాలో ఇంకెవరికీ తీసిపోదు.

చాలా దేశాల్లో ఈ చేపల కోసం వినోదపు వేట కూడా సాగుతుంది. 1953 ఆగస్టు 4న పెరూలోని కాబో బ్లాంకో దగ్గర ఆల్‌ఫ్రెడ్ గ్లాసెల్ అనే అమెరికన్ పట్టిన నల్ల మార్లిన్ 1,560 పౌండ్లు, అంటే సుమారు 707 కిలోలు తూగింది. అలాంటి వేటకు పెద్ద లాంచీ, నడుముకు పట్టీ, రీలు బిగించిన కర్ర ఉంటాయి. విశాఖ జాలరి అదే జాతి చేపను చేతి తాడుతో, తెప్ప అంచుకు కాలు తన్నిపెట్టి లాగుతాడు. 2025 జూలైలో పూడిమడక మత్స్యకారుడొకరు సుమారు వంద కిలోల కొమ్ముకోనాంను లాగబోయి, తాడుతో పాటే సముద్రంలోకి ఈడ్చుకుపోబడ్డాడు. గాలపు వేట పొట్టకూటి పని. దీన్ని ఆ లెక్కలోనే చూడాలి.

సముద్రం తీరు

విశాఖ దగ్గర ఖండతీరపు అంచు ఇరుకైనది. ఒడ్డు నుంచి 40 కిలోమీటర్లు దాటేసరికి అడుగు ఒక్కసారిగా లోతుకు జారిపోతుంది. ఆ వాలులో పెద్ద లోయలున్నాయి. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి సముద్ర పరిశోధనకు పునాది వేసిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, ఆ లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టి 1964లో వివరాలు ప్రకటించాడు. మహదేవన్ అదే విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ఆచార్యుడు. గాలపు వేటకు ఈ భూగోళం పెద్ద వరం. సూర లోతు నీటి చేప. వేరే తీరాల్లో రోజుల తరబడి ప్రయాణం చేస్తే గాని అందని లోతు, ఇక్కడ చిన్న ఇంజను తెప్పకు ఒక్క రాత్రి ప్రయాణంలో అందుతుంది.

నీళ్లు ఏడాది పొడవునా వెచ్చనే. పైనీటి వేడి జనవరిలో 25, 26 డిగ్రీలకు తగ్గి, మే నాటికి 29, 30కి చేరుతుంది. వేటను నిర్ణయించేది మాత్రం ఆ వేడి ఒక్కటే కాదు, గాలి, ప్రవాహం కూడా. మార్చి నుంచి మే వరకు నైరుతి గాలి తీరం వెంట వీస్తుంది. భూభ్రమణం వల్ల పైనీరు ఒడ్డుకు దూరంగా నెట్టబడి, దాని చోటులోకి అడుగునుంచి చల్లని నీరు పైకి వస్తుంది. లాఫాండ్, ఆయన విద్యార్థులు విశాఖ దగ్గర శ్రద్ధగా కొలిచింది ఈ ఉబుకునే. అడుగు నీటితో పాటు వచ్చే పోషకాల మీద సూక్ష్మ వృక్షజాలం పెరుగుతుంది; దాన్ని తినే మెత్తళ్లు, కవళ్లు చేరతాయి; వాటి వెంట కోనాం, సూర వస్తాయి. తీరపు ప్రవాహం ఆ నెలల్లో ఉత్తరానికి పోతుంది. అక్టోబరుకు దిశ మారి దక్షిణానికి తిరుగుతుంది. అప్పుడు గంగ, మహానది మోసుకొచ్చిన వరద నీరు కలిసి పైనీటి ఉప్పదనం బాగా తగ్గిపోతుంది. బురద కలిసిన నీటిలో ఎర కనబడక గాలానికి చేప సరిగ్గా పడదు. సూర వేట ఊపందుకునేది నీళ్లు తేటపడిన చలికాలం నుంచే.

వాతావరణం లెక్క

బయలుదేరే ముందు జాలరి చూసుకునేవి గాలి, అల, తిథి. విశాఖలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. అమావాస్య, పౌర్ణమి దగ్గర కూడా వాటి తేడా ఒకటిన్నర మీటరుకు అటూ ఇటే కాబట్టి, నది మొగల్లో తప్ప పోటు కన్నా ప్రవాహమే ముఖ్యం. వెన్నెల రాత్రుల్లో కవళ్ల గుంపు చెదిరి లోతుకు దిగుతుందని, గుంపును చుట్టి పట్టే రింగు వల వాళ్లు వేట తగ్గించుకుంటారు. గాలం వాళ్లకు అంత ఇబ్బంది లేదు. పక్షులు ఒక్కచోట మునిగి లేస్తుంటే అక్కడ చిన్న చేప గుంపు ఉందని, దాని కింద సూర ఉండవచ్చని గుర్తు.

ఈ అనుభవానికి ఇప్పుడు ఉపగ్రహం తోడైంది. హైదరాబాదులో 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, సముద్రపు పైవేడినీ పచ్చదనాన్నీ ఉపగ్రహ చిత్రాల్లో చూసి చేప దొరికే చోట్లను అంచనా కడుతుంది. ఏ రేవు నుంచి ఏ దిక్కుగా, ఎన్ని కిలోమీటర్లు, అక్కడ లోతెంత అన్నవి తెలుగులోనూ అందుతాయి. సూర కోసం విడిగా సూచనలున్నాయి. మబ్బు పట్టిన రోజుల్లో ఉపగ్రహానికి నీటి పైభాగం కనబడదు గనుక, సరిగ్గా వర్షాకాలంలోనే ఈ సమాచారం పలచబడుతుంది. ఫోను సిగ్నలు అందని దూరంలో కూడా హెచ్చరిక చేరేలా 2019లో జెమిని అనే పరికరాన్ని ప్రవేశపెట్టారు.

అక్టోబరు, నవంబరు నెలలు భయపెట్టే కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. ఓడరేవులో ఎగరేసే హెచ్చరికల్లో ఒకటి, రెండు అంకెలు దూరాన ఉన్న అల్పపీడనం, తుపానుకు సంబంధించినవి. మూడు, నాలుగు అంకెలు రేవుకే గాలి ముప్పు ఉందని చెబుతాయి. మూడో నంబరు ఎగిరితే చిన్న తెప్ప కదలకూడదు.

నిషేధం, తగువులు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు, ఇంజను పడవల వేటకు సెలవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నియమం. ఇంజను లేని తెరచాప, తెడ్ల తెప్పలకు మినహాయింపు ఉంది. 2025 నుంచి రాష్ట్ర ప్రభుత్వం నిషేధ కాలపు భృతిని 20,000 రూపాయలకు పెంచింది. జూన్ 15 తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి బోట్లు వరస కట్టి వెళ్తాయి. ఆ తొలి వారాల్లో రొయ్యల రాబడి బాగుంటుంది.

వలకూ గాలానికీ మధ్య పోటీ లేదనలేం. 2022 జనవరిలో పెదజాలరిపేట, వాసవానిపాలెం జాలర్ల మధ్య రింగు వలల విషయంలో ఘర్షణ జరిగి పడవలు తగలబడ్డాయి. 8 కిలోమీటర్ల లోపల రింగు వల వేయరాదన్న నిబంధన పాటించడం లేదన్నదే తగువుకు మూలం. గుంపును గుంపుగా ఊడ్చే వల ఒడ్డుకు దగ్గరైతే, కవళ్ల వెంట వచ్చే పెద్ద చేప గాలానికి మిగలదు. గాలం ఒక్కొక్క చేపనే పడుతుంది, పిల్ల చేపలను వదిలేస్తుంది, అడుగును గీకదు. సముద్రానికి తక్కువ నష్టం చేసే వేట ఇదే.

సూర విలువ

పసుపు రెక్కల సూర జపాన్ వంటకంలో పచ్చిగానే తినే చేప. నాణ్యత బాగుంటే ధర ఎన్నో రెట్లు పలుకుతుంది. ఆ నాణ్యత పోయేది మొదటి గంటల్లోనే. సూర ఇతర చేపల్లా చల్లని ఒళ్లున్నది కాదు. గాలానికి చిక్కి పెనుగులాడేటప్పుడు దాని కండ వేడెక్కి పాలిపోతుంది. వెంటనే చంపి, నెత్తురు తీసి, ఐసులో కప్పాలి. ఆలస్యమైతే హిస్టమిన్ పేరుకుని తిన్నవాళ్లకు దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. ముప్పై కిలోల చేపకు సరిపడా ఐసు పెట్టె చిన్న తెప్పలో పట్టదు. ఎంతో కష్టపడి పట్టిన చేప ఒడ్డున మామూలు ధరకు పోవడానికి కారణం ఇదే. పూడిమడకలో హార్బరు కట్టాలన్నది రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన తొమ్మిది హార్బర్ల ప్రణాళికలో ఉంది. అక్కడ గోడలు, జెట్టీలతో పాటు ఐసు కర్మాగారం, సూర కోసమే శీతల గది, తెప్పల్లో అమర్చే ఐసు పెట్టెలకు రాయితీ కూడా రావాలి. అవి లేకుండా హార్బరు పూర్తయిందనుకోవద్దు.