పలకలోని తాళపుచెవులు: సంకేతపదముల చరిత్ర

నేటి నా ప్రసంగమునకు విషయము సంకేతపదము. దీనినే ఇప్పుడు పల్లెలలో సైతము పాస్‌వర్డు అనుచున్నారు. బ్యాంకులోని లెక్క చూచుకొనుటకును, పింఛను వివరములు తెలిసికొనుటకును, దూరదేశముననున్న కుమారునితో ఉత్తరప్రత్యుత్తరములు నడపుటకును, మనుమలు కొనియిచ్చిన ట్యాబ్లెట్టును ముందిడుకొని కూర్చుండు పెద్దలు నేడు ప్రతి గ్రామమునను నలుగురైదుగురు కలరు. ముప్పదియైదేండ్లు బాలురచేత పలకపై ఓనమాలు దిద్దించినవాడను గనుక నేను దానిని పలక యనియే పిలుతును. శ్రోతలు మన్నింతురు గాక! ఆ పలకలో ప్రతి వాకిటను ఒక ద్వారపాలకుడు నిలిచి, మాట చెప్పినగాని లోనికి పోనీయను అనును. ఈ మాట ఎక్కడ పుట్టినదో, ఇట్టి మాటలనన్నింటిని ఒక్కచోట దాచియుంచు సాధనము ఎట్లు కలిగినదో మనవి చేసెదను.

సంకేతపదము నూతనవస్తువు కాదు. మహాభారతమున భీష్మపర్వారంభమున, సేనలు కురుక్షేత్రమున విడిసిన పిమ్మట యుధిష్ఠిరుడు తనవారికి వివిధములైన సంజ్ఞలను ఏర్పరచెననియు, అవి పలికినవాడు పాండవపక్షమువాడని ఎరుగవలెనని నియమించెననియు కలదు. ధూళి క్రమ్మిన యుద్ధభూమిలో తనవాడెవడో పెరవాడెవడో ముఖము చూచి తెలియరాదు గదా. కాని పలువురికి కలిపి యిచ్చిన మాటయందు ఒక లోపము కలదు. ఒక్కడు నోరు జారెనేని అందరికిని చేటు.

ఇంతకంటె సూక్ష్మమైన పద్ధతి సుందరకాండమున కాననగును. హనుమంతుడు శ్రీరాముని యుంగరమును సీతకు చూపెను. ఆమె తిరిగి చూడామణి నిచ్చెను. అంతటితో నూరకొనక, చిత్రకూటమున కాకి చేసిన యపచారమును, తమ యిద్దరికే తెలిసిన యా వృత్తాంతమును, రామునకు గురుతుగా చెప్పుమని పంపెను. చేతనుండు వస్తువొకటి, మనసున నుండు మాటయొకటి. నేడు బ్యాంకులవారు పాస్‌వర్డు అడిగిన పిమ్మట మన ఫోనునకు అంకెలు పంపి వానినికూడ చెప్పుమనుటయందలి తర్కము సరిగా ఇదియే. శాకుంతలమున ఉంగరము నీటిపాలు కాగా శకుంతల లేడిపిల్ల నీరు త్రాగని కథను దుష్యంతునకు జ్ఞాపకము చేయజూచెను. అప్పటికి రాజు శాపవశమున సర్వమును మరచియుండెను. మాట చెప్పవలసినవాడు మరచుట లోకమున కలదు గాని, అక్కడ ద్వారపాలకుడే మరచినాడు!

కౌటిల్యుని యర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను అధికారి మాషము పుచ్చుకొని బాటసారులకు ముద్రలనిచ్చుట వర్ణింపబడినది. అది నేటి రహదారిపత్రమునకు పూర్వరూపము. దానిని విడిచి రోమకుల వృత్తాంతమునకు వత్తము. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దిలో పొలీబియసు అను గ్రీకు చరిత్రకారుడు వారి దండువిడిదిని వర్ణించినాడు. సూర్యాస్తమయ సమయమున ప్రతి వరుస చివరి దళమునుండి ఒక్కొక్క భటుడు అధికారి డేరాకు పోయి, ఆ రాత్రి సంకేతపదము వ్రాసిన చెక్కపలకను తెచ్చును. అది సాక్షులయెదుట ఒక దళమునుండి మరియొక దళమునకు చేతులు మారి, చీకటి పడకమునుపే డేరాకు తిరిగి చేరవలెను. ఏ పలకయైనను రానిచో దానిపై గురుతులనుబట్టి ఎక్కడ నిలిచినదో కనుగొని శిక్షింతురు. రెండువేల యేండ్లు గడచినవి. సంకేతపదము మరల పలకమీదికే వచ్చినది.

యంత్రమునకు సంకేతపదము నేర్పినది అమెరికాలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమువారు. 1961లో ఫెర్నాండో కోర్బటో అను పండితుడును ఆయన అనుచరులును ఒక్క కంప్యూటరును పలువురు ఏకకాలమున వాడుకొను ఏర్పాటును చేసి చూపిరి. ఒక యింట నలుగురు కాపురమున్నప్పుడు ఎవరి పెట్టెకు వారు తాళము వేసికొనునట్లు, ఎవరి కాగితములు వారికుండుటకై ఒక్కొక్కరికి ఒక్కొక్క మాట నిచ్చిరి. తాళము పుట్టిన మరుసటి యేడే దొంగయు పుట్టెను. ఆలన్ షెర్ అను విద్యార్థికి వారమునకు నాలుగు గంటల కాలమే యంత్రముపై కేటాయింపబడియుండెను. అది ఆయన పరిశోధనకు చాలలేదు. 1962లో ఆయన, పాస్‌వర్డులన్నియు దాచియున్న పత్రమును అచ్చొత్తి యిమ్మని రంధ్రముల కార్డుమీద కోరిక వ్రాసి సమర్పించెను. యంత్రము మారుపలుకక అచ్చొత్తి యిచ్చెను. ఈ సంగతిని చిరకాలమునకు ఆయనయే నవ్వుచు వెల్లడించినాడు. విద్యార్థుల యుపాయములను ముప్పదియైదేండ్లు చూచిన నాకు ఇందు ఆశ్చర్యము లేదు. 1966లో అదే యంత్రమున మరియొక వింత జరిగినది. దినవార్తాపత్రమును పాస్‌వర్డుల పత్రమును తారుమారుకాగా, లోనికి వచ్చినవారందరికిని అందరి రహస్యములును కనబడెను.

దీనికి విరుగుడుగా మాటను మాటగా దాచక, గణితముచే దంచి, మరల మొదటి రూపమునకు తేరాని పొడిగా దాచు పద్ధతి యేర్పడినది. పసుపుకొమ్ము పొడి యగును గాని పొడి కొమ్ము కాదు. మనము మాట చెప్పినప్పుడు యంత్రము దానిని తిరిగి దంచి, పొడియు పొడియు సరిపోవునా యని చూచును. 1979లో రాబర్టు మారిసు, కెన్ థాంప్సను అను వారిరువురు ఈ విషయమున వ్యాస మొకటి ప్రకటించిరి. ఇద్దరు మనుష్యులు ఒకే మాట పెట్టుకొన్నను పొడులు వేరగునట్లు, దంచుటకు మునుపు ప్రతిదానియందును యాదృచ్ఛికమైన చిన్న సంఖ్యను కలుపవలెనని అందు చెప్పినారు. ఆ సంఖ్యకు వారు పెట్టిన పేరు ఉప్పు! ఊరగాయ యెరిగిన జాతికి దీనిని వివరింప నవసరము లేదు.

ఆ వ్యాసమునందే విచారింపదగిన లెక్క కలదు. వారు సేకరించిన 3,289 పాస్‌వర్డులలో 2,831, అనగా నూటికి 86, ఇంచుక శ్రమతో కనుగొనదగినవి. కొన్ని ఒకే యక్షరము, కొన్ని రెండు మూడక్షరములు, కొన్ని నిఘంటువులోని పదములు. తాళము గట్టిదే, చెవి మాత్రము గుమ్మము మీదనే యుండెను. మారిసు ఇట్లు హెచ్చరించిన తొమ్మిదేండ్లకు, 1988లో, ఆయన కుమారుడే వ్రాసిన పురుగువంటి కార్యక్రమమొకటి 432 పదముల పట్టికతో పాస్‌వర్డులను ఊహించుచు యంత్రమునుండి యంత్రమునకు ప్రాకెను. 2009లో రాక్‌యూ అను సంస్థనుండి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు, దంచక ఉన్నవి ఉన్నట్లే దాచినవి, దొంగల చేత చిక్కెను. వానిలో 2 లక్షల 90 వేలకు పైగా ఒకటినుండి ఆరువరకు అంకెలు వరుసగా వ్రాసినవే.

మరి మనుష్యుడు కఠినమైన మాటను ఎందుకు పెట్టుకొనడు? మన పూర్వులు అమరకోశమును కంఠస్థము చేసినవారు, వేదమును ఘనపాఠముతో తప్పక నిలిపినవారు గదా యని ఒక మిత్రుడు నాతో వాదించెను. నేను చిన్ననాట అమరము వల్లించినవాడనే. అందు అర్థము కలదు, ఛందస్సు కలదు, నిత్యము చెప్పించు గురువు కలడు. అర్థము లేని యక్షరముల గుంపులు ఎనుబదింటిని వేర్వేరుగా ఏండ్ల తరబడి ధరించుమనిన, శతావధానికైనను కష్టమే. అమెరికాలో ప్రమాణములు నిర్ణయించు ప్రభుత్వసంస్థ మునుపు అక్షరములు, అంకెలు, చిహ్నములు కలిపి వ్రాయుడనియు, తరచుగా మార్చుడనియు ఉపదేశించెను. లోకము దానినే శిరసావహించి, ఒక పాతమాటకే చివర అంకె తగిలించుచు వచ్చినది. 2017లో ఆ సంస్థయే నియమమును సవరించి, పొడవే ప్రధానమనియు, కారణము లేక మార్పింపవలదనియు చెప్పినది.

కష్టము హెచ్చగుకొలది మనుష్యుడు అన్నిచోట్లను ఒకే మాట నుంచును. మా గ్రామమున ఒక రైతు అట్లే యుంచెను. కరెంటు బిల్లు కట్టలేదని, రాత్రికి దీపము తీసివేయుదుమని ఆయనకు ఒక సందేశము వచ్చెను. అందు చూపిన పుట అసలుదానికి అచ్చముగా ప్రతిబింబము, చిరునామాలో ఒక్క యక్షరము తేడా. ఆయన తన మాటను అందు వ్రాసెను. ఆ మాటయే ఉత్తరముల పెట్టెకును, బ్యాంకునకును చెవి. మనుమరాలి కళాశాల రుసుమునకై దాచిన సొమ్ము తెల్లవారునప్పటికి లేదు. "పంతులుగారూ, నాకు చదువు రాకపోయి మోసపోతినా?" అని ఆయన నన్నడిగెను. ఆయన చక్కగా చదివినవాడే. ఆ యొక్క యక్షరమును రాత్రిపూట అరువదియేండ్ల కన్ను పట్టజాలదు.

ఇక పాస్‌వర్డు మేనేజరు అను సాధనమును గూర్చి. 1997లో బ్రూసు ష్నయరు అను గూఢలిపి పండితుడు పాస్‌వర్డు సేఫ్ అను దానిని వెలువరించెను. 2003లో కీపాస్, 2016లో బిట్‌వార్డెన్ వచ్చినవి. నడుమ మరికొన్ని కలవు. వీనియందలి తత్త్వము ఒక్కటియే. మన మాటలన్నియు గూఢలిపిలో మార్చి ఒక భోషాణమున నుంచి, ఆ భోషాణమునకు ఒకే తాళము వేయుదురు. ఆ తాళపు మాటను మాత్రము మనము ధరింపవలెను. తక్కినవానిని సాధనమే కల్పించును, సాధనమే జ్ఞాపకముంచుకొనును.

కంప్యూటరులపై ఇది బ్రౌజరునకు తగిలించిన చేర్పుగా సులభముగా పనిచేయుచుండెను. పలకపై అట్లు కాలేదు. 2010లో ఆపిలువారి ఐప్యాడు వచ్చినప్పుడు అందు ప్రతి కార్యక్రమమును తన గదిలో తానుండవలెను, పొరుగు గదిలోనికి తొంగిచూడరాదు. ఈ కట్టుబాటు రక్షణకు మంచిదే. దానివలననే భోషాణము ఒక గదిలోను, బ్రౌజరు వేరొక గదిలోను ఉండిపోయెను. మాటను ఇక్కడ నకలు తీసి అక్కడ అతికింపవలసివచ్చెను. లేదా మేనేజరు తనలోనే యుంచుకొన్న చిన్న బ్రౌజరును వాడవలసివచ్చెను. అది ఇంటిలో బావియుండగా పెరటిలో వేరొకటి త్రవ్వుట వంటిది. 2014లో గదుల నడుమ ఒక చిన్న కిటికీ తెరచిరి. 2017లో గూగులువారి ఆండ్రాయిడు ఎనిమిదవ సంస్కరణమును, 2018లో ఆపిలువారి ఐఓఎస్ పండ్రెండవ సంస్కరణమును, ఇతరుల మేనేజరులు సైతము మాటలను స్వయముగా పూరించుటకు రాజమార్గము నేర్పరచినవి. నేడు పలకయొక్క సెట్టింగులలో ఆటోఫిల్ అనుచోట మనకు నచ్చిన మేనేజరును ఎన్నుకొన్నచాలును. ఆండ్రాయిడు పలకలో క్రోము బ్రౌజరునందు దీనికి వేరుగా నొక యమరిక కలదు, అదియు చూచుకొనవలెను.

ఇందు నాకు మిక్కిలి విలువైనదిగా తోచు గుణము జ్ఞాపకశక్తి కాదు. మేనేజరు మాటను ఏ చిరునామాతో జతపరచి దాచెనో, బ్రౌజరు ఆ చిరునామాయందున్నప్పుడే ఆ మాటను ముందుకు తెచ్చును. ఒక్క యక్షరము తేడాయున్నను మౌనము వహించును. మా రైతునకు ఆ రాత్రి కావలసినది ఈ మౌనమే. కావున పెద్దలకు నా మనవి: అలవాటైన పుటలో మాట తనంతట రాలేదేని, విసుగుతో చేతవ్రాయక, చిరునామాను అక్షరాక్షరము చదువుడు.

అన్నియు ఒకే భోషాణమున నుంచిన, ఒక్క కన్నముతో సర్వము పోదా అను ప్రశ్న న్యాయమైనది. 2022లో లాస్ట్‌పాస్ అను సంస్థనుండి దొంగలు వినియోగదారుల భోషాణముల నకళ్లను ఎత్తుకొనిపోయిరి. లోని పాస్‌వర్డులు గూఢలిపిలోనే యుండెను. వెబ్ చిరునామాలు మాత్రము అట్లుండలేదు. అట్టివేళ మనలను కాపాడునది ప్రధానమైన ఆ యొక్క మాటయే. దానికి పద్యపాదమును పెట్టుకొందమని పండితులకు తోచును. అది తగదు. పుస్తకములలోనున్న దంతయు దొంగల పట్టికలలో నుండవచ్చును. 1995లో ఆర్నాల్డు రైన్‌హోల్డు అను ఆయన చక్కని యుపాయము చెప్పెను. 7,776 పదముల పట్టిక నొకటి చేసి, అయిదు పాచికలు వేసి, పడిన సంఖ్యకు తగిన పదమును గ్రహింపవలెను. ఇట్లు ఆరు పదములు కూర్చిన, మనకు ధరించుట సులభము, పెరవానికి ఊహించుట దుర్లభము. పాచికలు శకునివి కాకుండిన చాలును.

మిగిలినది మన వయస్సువారికే ముఖ్యమైన సంగతి. ఆ యొక్క మాట యజమానునితో కాటికి పోయినచో, ఇంటివారికి భోషాణము రాయితో సమానము. ఆపిలువారు 2021లో మరణానంతరము లెక్కను చూచుటకు వారసుని నియమించు వీలు కల్పించిరి గాని, అందు దాచిన పాస్‌వర్డులు ఆ వారసునకు దక్కవు. కొన్ని మేనేజరులలో ముందుగా పేర్కొన్న యాప్తుడు కోరిక పంపి, మనము నిర్ణయించిన దినములలోగా మనము కాదనకున్న, లోనికి పోవచ్చును. నాకు మాత్రము కాగితమందే నమ్మకము. పలకను తెరచు అంకెలును, ఆ ఆరు పదములును సిరాతో వ్రాసి, కవరులోనుంచి, లక్కముద్ర వేసి, పొలము దస్తావేజులతోబాటు ఇనుపపెట్టెలో నుంచితిని. ఆ స్థలమును నా భార్యకు చూపియుంచితిని. పదములను మార్చినప్పుడెల్ల పాత కవరును పొయ్యిలో వేసి క్రొత్తది పెట్టుచున్నాను.